గోడకు లైటు బిగించే ముందు: సిమెంటు పలకల కథ

ఈరోజు టాపిక్ చూసి చరిత్ర ఛానెల్లో ఎలక్ట్రీషియన్ పని ఏంటి అనుకోకండి. ఇంటి బయట గోడకి ఒక లైటు బిగించాలి, అంతే విషయం. మన దగ్గర ఇటుక గోడ కాబట్టి డ్రిల్లు, రావల్ ప్లగ్, స్క్రూ... పది నిమిషాల పని.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకి అలా కుదరదు. అక్కడ చాలా ఇళ్లకి లోపల చెక్క ఫ్రేము, బయట తొడుగులా ఫైబర్ సిమెంటు పలకలు ఉంటాయి. పలక మందం దాదాపు 8 మిల్లీమీటర్లే. ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కి ఉంటుంది, మన పెంకుల్లాగా. కాబట్టి గోడ చదునుగా ఉండదు, లైటు వెనక సందు మిగులుతుంది, వాన నీళ్లు అందులోకి దిగుతాయి. అందుకే ముందు ఒక చదునైన దిమ్మ బిగించి, దాని మీద లైటు పెడతారు. బరువు మోయాల్సింది పలక కాదు, వెనకున్న చెక్క. సీలెంట్ కూడా పైనా, రెండు పక్కలా పూసి కింద వదిలేయాలి. నాలుగు వైపులా పూసేస్తే లోపలికి వెళ్లిన నీళ్లకి బయటికి దారి ఉండదు, చెక్క కుళ్లిపోతుంది.

ఇదంతా మెకానిక్ పని. అసలు కథ డ్రిల్లు పెట్టగానే లేచే దుమ్ములో ఉంది.

ఈ పలక ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాట్షెక్ అని ఒకాయన, 1900 ప్రాంతంలో, కాగితం తయారుచేసే మెషీన్‌ని కొంచెం మార్చాడు. కాగితం గుజ్జు బదులు సిమెంటు, ఆస్బెస్టాస్ నార కలిపిన నీళ్లు పోశాడు. జల్లెడ డ్రమ్ము మీద పల్చటి పొర వస్తుంది. ఆ పొరల్ని రోలరుకి చుట్టి, కోసి, ఆరబెడితే పలక రెడీ. దానికి ఎటర్నిట్ అని పేరు పెట్టాడు, అంటే శాశ్వతమైనది అని. లాటిన్ మాట. తేలిక, కాలదు, చెదలు పట్టదు, పైగా చవక. యూరప్ అంతా లైసెన్సులు కొనుక్కుంది. ఈ రోజుకీ ఆ పద్ధతిని హాట్షెక్ ప్రాసెస్ అనే అంటారు.

ఆస్ట్రేలియాలో రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇళ్లకి విపరీతమైన కరువు. ఇటుకలు దొరకవు, కొనడానికి డబ్బుల్లేవు. అప్పుడు ఈ పలకలే దిక్కయ్యాయి. వాళ్లు ముద్దుగా ఫైబ్రో అన్నారు. సిడ్నీ పడమటి శివార్లలో వీధులకు వీధులు ఫైబ్రో ఇళ్లే. చాలామంది సెలవు రోజుల్లో సొంత చేతులతో కోసి, మేకులు కొట్టి కట్టుకున్నారు. ఆ దుమ్ము పీల్చిన వాళ్లలో కొందరికి ముప్పై, నలభై ఏళ్ల తర్వాత మెసోథెలియోమా వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సర్ అది. ఈ జబ్బులో ఘోరం ఆ ఆలస్యమే. ఎక్కడ పీల్చామో కూడా మనిషికి గుర్తుండదు.

అక్కడ ఈ పలకలు తయారుచేసిన పెద్ద కంపెనీ జేమ్స్ హార్డీ. బెర్నీ బాంటన్ అనే పాత ఉద్యోగి ఆక్సిజన్ పైపు ముక్కుకి పెట్టుకునే మీటింగులకి వచ్చి, బాధితులందరి పరిహారం కోసం కొట్లాడాడు. 2004లో ప్రభుత్వ విచారణ జరిగింది. తర్వాత పరిహార నిధికి ఒప్పందం కుదిరింది. 2007 నవంబరులో బాంటన్ చనిపోయాడు, మెసోథెలియోమాతోనే. ఆస్బెస్టాస్ మీద ఆస్ట్రేలియా పూర్తి నిషేధం 2003 చివరి రోజు నుంచి అమల్లో ఉంది.

మరి ఇప్పటి పలకల్లో ఏముంది? చెక్క గుజ్జు నార. అంటే కాగితం మెషీన్‌లోకి చివరికి కాగితం గుజ్జే తిరిగొచ్చింది! ఆస్బెస్టాస్ 1980ల్లో తీసేశారు, ఆ తర్వాతే ఇవి అమెరికా మార్కెట్లో బాగా పాకాయి. అలాగని ఈ దుమ్ము మంచిదేం కాదు, ఇందులో సిలికా ఉంటుంది. అమెరికాలో పనివాళ్లకి పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. చిటికెడు కూడా కాదు, కంటికి కనపడనంత. కాబట్టి మాస్కు, దుమ్ము లాగే వాక్యూమ్ తప్పనిసరి.

మన సంగతి? సిమెంటు రేకులంటే తెలియనివాళ్లు మనలో ఎవరున్నారు! హైదరాబాద్ కంపెనీ చార్మినార్ పేరుతో అమ్మిన రేకులు రెండు రాష్ట్రాల్లో ఎన్ని కప్పుల మీద ఉన్నాయో. ఇండియాలో ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు నిషేధం కాలేదు. బల్బు వైరు కోసం రేకుకి కన్నం పెట్టేవాడు మూతికి తువ్వాలు కట్టుకోవడం కూడా అరుదే.

సిడ్నీ, మెల్బోర్న్‌లో ఉన్నవాళ్లకి ఒక్కమాట. ఇల్లు 1990కి ముందు కట్టిందైతే, ల్యాబ్ టెస్టు అయ్యేదాకా గోడకి డ్రిల్లు పెట్టొద్దు. వైరింగ్ ఎలాగూ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి, అది అక్కడి చట్టం. ఇంకోటి, పాత ఇళ్లలో మీటరు, ఫ్యూజులు బిగించిన నల్లటి బోర్డు ఉంటుంది చూడండి. కరెంటుకి, మంటకి తట్టుకుంటుందని చాలాచోట్ల దాన్ని కూడా ఆస్బెస్టాస్ కలిపే చేశారు. లైటు కోసం గోడని టెస్టు చేయించి, ఆ బోర్డుని మాత్రం మర్చిపోయి కన్నం పెట్టొద్దు.