చావు లెక్కలో రోగము పేరు

వల్లూరు పూర్వము కాయస్థ ప్రభువుల రాజధాని. 13వ శతాబ్దమున అంబదేవు డిచటనుండియే రాజ్యమేలెను. చెంతనున్న పుష్పగిరి శాసనములందు ఎవరే దేవునికేమి దానమిచ్చిరో చెక్కబడియున్నది. కాని ఆ దినములలో నే యింట నే బిడ్డ దగ్గుతో డొక్కలెగురవేసి కన్నుమూసెనో ఏ రాయియు చెప్పదు. దానమునకున్న లెక్క ప్రాణమునకు లేకపోయెను.

చావులకు లెక్క వ్రాయుటయు, ఆ లెక్కనుండి రోగమును పట్టుటయు నిటీవలి విద్య. లండను నగరపు మరణ పత్రికలను శోధించి 1662లో జాన్ గ్రాంటు ఒక గ్రంథము ప్రకటించెను. 1893లో ఫ్రాన్సు దేశీయుడగు బెర్టిలాన్ మరణకారణముల కొక పట్టిక కూర్చెను. 1900లో పారిసునందు పలు దేశములవారు కూడి దానిని సవరించి అంగీకరించిరి. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ భారమును వహించి, మరణములకే గాక రోగములకును సంకేతము లేర్పరచెను.

మన గ్రామములలో నీ పని మునసబులకు, కరణములకు నప్పగింపబడెను. చెన్నరాజధానిలో జనన మరణముల నమోదుకై 1899లో 3వ చట్టము పుట్టెను. విషూచి, మశూచి, జ్వరము, అతిసారము మున్నగునవి ఆనాటి లెక్కల శీర్షికలు. వైద్యము నెరుగని గ్రామోద్యోగి రోగినైన చూడక, బంధువులు చెప్పినదే వ్రాసికొనెడివాడు. వంటికి వేడి తగిలిన ప్రతి చావును జ్వరము క్రిందనే చేరెడిది. 1918లో ఇన్‌ఫ్లూయెంజా దేశమును ఊడ్చివేసినప్పుడు మృతులలో ననేకులను చంపినది ఆ జ్వరమును వెన్నంటి ఊపిరితిత్తులలో జొరబడిన సూక్ష్మజీవుల న్యుమోనియా అని తరువాతి శోధకులు తేల్చిరి. మన లెక్కలలో మాత్రము వారిలో పెక్కుమంది 'జ్వరము'గానే మిగిలిరి.

ఈ చీకటిలో నొక దీపము మనకు సమీపముననే వెలిగెను. 1911 వరకు కడప జిల్లాలోనిదైన మదనపల్లెకు చేరువను, ఆరోగ్యవరమున, 1915లో క్షయ చికిత్సాలయము వెలసెను. 1950 మొదలుకొని అచటి వైద్యులు చుట్టుపట్ల గ్రామములకు బోయి, ఇంటింటి మనుష్యులను పేరుపేరున వ్రాసికొని, రొమ్ములకు ఎక్స్‌రే తీసి, కఫమును పరీక్షించిరి. క్షయ యెందరికి గలదో ఊహ మాని లెక్కతో చెప్పిరి.

నేటి సంకేతములలో పదవ సవరణము 1990లో ఆమోదింపబడినది. అందు న్యుమోకాకస్ సూక్ష్మజీవి వలని న్యుమోనియాకు జె 13, హీమోఫిలస్ వలని దానికి జె 14, కంఠసర్పికి ఎ 36, కోరింత దగ్గుకు ఎ 37 గుర్తులు. కారకము తెలియని న్యుమోనియా జె 18లో పడును. కఫపరీక్ష చేయించి ఫలితమును వ్రాసిననే గాని జె 18 లోని రోగి జె 13 లోనికి రాడు. ఇది గుమాస్తాల గొడవ యని తోచవచ్చును. అయినను ఏ సూక్ష్మజీవి యెందరిని చంపుచున్నదో తెలియనిదే దాని టీకాకై ధనము వెచ్చించుట కాధారమెక్కడ? పసిబిడ్డలకు న్యుమోకాకస్ టీకా మన దేశపు సార్వత్రిక కార్యక్రమమున 2017లో ఆరంభమై 2021లో దేశమంతట వ్యాపించినది. దాని వెనుక ఇట్టి లెక్కల బలము కలదు.

1969వ సంవత్సరపు చట్టము, కడపటి వ్యాధిలో చికిత్స చేసిన వైద్యుడు రుసుము గొనక మరణకారణ పత్రము వ్రాయవలెనని విధించినది. అందు 'గుండె ఆగినది' అని వ్రాయుట చాలదు. ప్రతి మరణమునను గుండె యాగును; అది యాగుటకు మూలమైన రోగమేదో చెప్పవలెను. 2023 సవరణముచే ఆ పత్రపు ప్రతి సమీప బంధువునకును చెందవలెను.

కావున గృహస్థులారా, గృహిణులారా! దుఃఖసమయమున కాగితమును గూర్చి అడుగుట కఠినమే. అయినను అడుగుడు. చీటీలను, పరీక్షాఫలితములను భద్రపరచుడు. పోయిన బిడ్డ రోగము పేరు సరిగా వ్రాయించిన తల్లి పొరుగింటి బిడ్డకు మేలు చేసినదగును.