పొగరుబోతు గుఱ్ఱమును మచ్చిక చేసిన రేరీ

పొగరుబోతు గుఱ్ఱమునకు కొరడాయే మందని కొందఱు, లాలనయే మందని కొందఱు యజమానులు క్రీస్తుకు పూర్వమునుండియు వాదులాడుచునే వచ్చిరి. కోపముతో గుఱ్ఱముకడకు పోరాదని గ్రీకు సేనాని జెనొఫన్ ఏనాడో వ్రాసెను, విన్నవారు తక్కువ.

1858లో ఇంగ్లండునందు ఈ వాదమునకు బహిరంగ పరీక్ష జరిగెను. డార్చెస్టరు ప్రభువునకు క్రూయిజరు అను మగగుఱ్ఱము కలదు. అది మీదపడి కఱచుచుండుటచే మూతికి ఇనుప చిక్కము తగిలించి యుంచిరి. అమెరికాలోని ఒహాయోనుండి వచ్చిన జాన్ సాలమన్ రేరీ దానిని కొన్ని గంటలలో లొంగదీసెను. కొట్టలేదు. ముంగాలు నొకదానిని మడిచి తోలుపట్టీతో కట్టి, అది పెనగులాడి అలసి నేలకొఱగువఱకు ఓపికపట్టెను. పిమ్మట మెడ నిమిరి, కాళ్లు తడవి, మెల్లగా మాటాడెను. తన బలము మనుష్యునిపై సాగదనియు, మనుష్యునివలన కీడు లేదనియు రెండును దానికి ఒక్కసారే తెలియవలెనని ఆయన మతము.

విక్టోరియా రాణియు ఈ విద్యను చూచెను. అయినను తగవు తీరలేదు. కాలు కట్టి పడవేయుట దయ యెట్లగునని కొందఱడిగిరి. అసలు ఆ విద్య నేను నేర్పినదే యని డెంటన్ ఆఫట్ అనునతడు పేచీపెట్టెను (లింకను యౌవనమున గుమాస్తాగా నున్నది ఇతని అంగడిలోనే). దయయను మాట ఆ పద్ధతికి పూర్తిగా చెల్లదు. ఇనుప చిక్కముకంటె మాత్రము మేలు.

రేరీ 1866లో మరణించెను. ఆయన వెంట అమెరికాకు పోయిన క్రూయిజరు అటుపిమ్మటను బ్రదికియుండెను.