ఖగ్గవిసాణం: ఒంటికొమ్ము మృగం

సుత్తనిపాతం చదివినవారికి ఖడ్గమృగం కొత్త కాదు. ఖగ్గవిసాణ సుత్తంలో 41 గాథలున్నాయి. ఒక్కటి తప్ప అన్నిటి చివరా ఒకటే పలుకు: ఖడ్గమృగంలా ఒంటరిగా సంచరించు. పల్లవి లేని ఆ ఒక్క గాథ ఏమంటుందో మనవాళ్లు తరచూ మరిచిపోతారు. వివేకం గల మిత్రుడు దొరికితే, అతనితో కలిసి సంతోషంగా, స్మృతితో నడవమంటుంది. ఈ సుత్తం సంఘానికి వ్యతిరేకమని వాదించేవారు ముందు ఆ గాథ చూడాలి.

పేరు మీద కూడా పాత చర్చ ఉంది. 'ఖగ్గవిసాణ' అంటే కత్తిలాంటి కొమ్మున్న మృగమా, ఆ మృగం కొమ్మా? పాళీ అట్ఠకథ కొమ్మనే అంటుంది. జింకకు రెండు కొమ్ములు, దున్నకు రెండు కొమ్ములు. దీనికి మాత్రం ఒకటే. అయితే జంతువు నడవడి కూడా పోలికకు సరిపోతుంది. దూడతో ఉన్న తల్లి తప్ప పెద్దవి ఎక్కువగా ఒంటరిగానే మేస్తాయి. ఎండాకాలం బురదగుంటలో మాత్రం నాలుగైదు కలిసి పడుకుంటాయి.

ఈ గాథలు చాలా దూరం ప్రయాణించాయి. ఋషిపతనంలో, అంటే నేటి సారనాథ్‌లో, ప్రత్యేకబుద్ధులు వీటిని పలికి పరినిర్వాణం పొందారని మహావస్తు చెబుతుంది. గాంధార ప్రాంతపు భూర్జపత్రం మీద, ఖరోష్ఠీ లిపిలో రాసిన ప్రతి ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. రిచర్డ్ సాలమన్ దాన్ని పరిష్కరించి 2000లో ప్రచురించాడు.

భిక్షువులు ఈ జంతువును చూసిన చూపు ఇది. మిగతావాళ్ల చూపు వేరు. మనుస్మృతి మూడో అధ్యాయం పితృదేవతలకు అనంత తృప్తినిచ్చే పదార్థాల్లో ఖడ్గమృగం మాంసాన్ని చేర్చింది. అయిదో అధ్యాయం తినదగిన 'అయిదు గోళ్ల' జంతువుల్లో దాన్ని లెక్కపెట్టింది. నిజానికి దాని కాలికి ఉన్నవి మూడే గోళ్లు! శాస్త్రం రాసినవాడు జంతువును చూడనైనా చూశాడా అని అనుమానం వస్తుంది. నేపాల్ రాజులు ఖడ్గమృగాన్ని చంపి దాని రక్తంతో పితృతర్పణం చేసే ఆచారం ఆధునిక కాలం దాకా సాగింది. అశోకుడి అయిదో స్తంభశాసనం చంపకూడదన్న ప్రాణుల జాబితాలో 'పలసత' అనే పేరుంది. కొందరు పండితులు అది ఖడ్గమృగమే అన్నారు. ఆరేడు వందల ఏళ్ల తర్వాత మొదటి కుమారగుప్తుడు గుర్రం మీద నుంచి ఖడ్గమృగాన్ని నరుకుతున్నట్టు బంగారు నాణెం వేయించుకున్నాడు. పైగా దాని మీద 'ఖడ్గత్రాత' అని కత్తికీ మృగానికీ కలిపి ఒక శ్లేష!

కొమ్ము చుట్టూ అల్లిన కథలు ఇంకా పాతవి. పారశీక ఆస్థానంలో ఉన్న గ్రీకు వైద్యుడు క్టేసియస్, భారతదేశంలో ఒంటికొమ్ము అడవి గాడిద ఉందనీ, ఆ కొమ్ము పాత్రలో తాగితే విషం పారదనీ రాశాడు. యూరప్ ఒంటికొమ్ము గుర్రం కథకు మూలాల్లో ఇదొకటి. తూర్పున చైనా వైద్యం జ్వరానికి కొమ్ము పొడి వాడింది. ఆ కొమ్ములో ఉన్నది కెరటిన్, మన గోళ్లలో, వెంట్రుకల్లో ఉన్నదే. గోళ్లు కొరుక్కునే వాళ్లెవరికీ జ్వరం తగ్గినట్టు వినలేదు.

ఒకప్పుడు ఇది చాలా చోట్ల తిరిగింది. సింధు ముద్రల మీద దాని బొమ్మ స్పష్టంగా ఉంది. 16వ శతాబ్దం మొదట్లో బాబర్ పెషావర్ దగ్గర, సింధు ఒడ్డున దాన్ని వేటాడానని రాసుకున్నాడు. మన బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880లలో బ్రూస్ ఫుట్, అతని కొడుకు తవ్వినప్పుడు ఖడ్గమృగం శిలాజాలు దొరికాయి. లిడెకర్ ఆ జాతికి కర్నూలు పేరే పెట్టాడు. గడ్డి మైదానాలు సాగులోకి వచ్చేకొద్దీ, తుపాకులు పెరిగేకొద్దీ అది బ్రహ్మపుత్ర ఒడ్డుకూ హిమాలయ పాదాలకూ పరిమితమైంది. రోజూ ఒకే చోట పేడ వేయడం దాని అలవాటు. ఆ కుప్ప పక్కనే వేటగాళ్లు మాటు వేస్తారు.

కాజీరంగాను 1908లో రక్షిత అడవిగా ప్రకటించారు. 2022 లెక్కలో అక్కడ 2,613 ఖడ్గమృగాలున్నాయి. అంతకు ముందు ఏడాది, సెప్టెంబరు 22న, అస్సాం ప్రభుత్వం ఖజానాల్లో దశాబ్దాలుగా దాచిన కొమ్ముల్లో 2,479 కొమ్ములను బోకాఖాట్‌లో అందరూ చూస్తుండగా తగలబెట్టించింది. మందు ఉందని నమ్మేవాళ్లకు అందులో ఏమీ లేదని చూపించడానికి.