కరెంటు కంచె: తేనెపెట్టెల నుంచి గుడారాల దాకా

ద్రాక్షారామం పరిసరాల వరిచేలల్లో కరెంటు తీగ అనగానే పందికొక్కుల కోసం చేనుగట్టున రహస్యంగా లాగే, మనుషులను సైతం బలిగొనే చట్టవిరుద్ధపు తీగే ముందుగా స్ఫురిస్తుంది. అయితే అడవిలో విడిది చేసేవారు ఎలుగుబంటిని దూరంగా ఉంచడానికి గుడారాల చుట్టూ బిగించే సంచార విద్యుత్ కంచె దానికి దాదాపు విరుద్ధమైన సూత్రం మీద పనిచేస్తుంది. ఇంటి కరెంటు 230 వోల్టులతో ఎడతెగకుండా ప్రవహించి కండరాలను బిగించివేయడం వల్ల తీగ పట్టుకున్న చెయ్యి వదలలేని స్థితి ఏర్పడుతుంది. కంచెకు ప్రాణమైన ‘ఎనర్జైజర్’ అనే చిన్న యంత్రం మాత్రం వేల వోల్టుల విద్యుత్తును క్షణంలో అతి స్వల్పభాగం పాటు వదిలి, తిరిగి దాదాపు ఒక క్షణం ఊరుకుంటుంది. ఆ విరామంలో జంతువు వెనుదిరగగలుగుతుంది. వోల్టులు ఎక్కువైనా ఒక్కొక్క తాకిడిలోని శక్తి పరిమితంగా ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణాల నియమం.

ఈ విరామాన్ని కనిపెట్టి, మెరుగుపరచడంలోనే కంచె చరిత్రలో చాలా భాగం ఉంది. 1930ల్లో న్యూజిలాండ్ రైతు బిల్ గాలగర్, తన కారుకు ఒళ్లు రుద్దుకునే గుర్రాన్ని మాన్పించేందుకు కారుకు విద్యుత్తు తగిలించిన ఉదంతం ఆ దేశపు వ్యవసాయ చరిత్రలో ప్రసిద్ధం. అక్కడే రుఆకురా పరిశోధన కేంద్రానికి చెందిన డగ్ ఫిలిప్స్ 1960ల తొలినాళ్లలో, విద్యుత్తును నిల్వచేసి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్ సాధనంతో, గడ్డి తగిలినా నీరసించని కంచెను రూపొందించాడు. అయితే ఎలుగుబంటికి ఈ తీగతో పరిచయం అంతకుముందే జరిగింది. కాలిఫోర్నియా కొండల్లో తేనెటీగల పెట్టెలను ఎలుగుల నుంచి విద్యుత్ కంచెతో కాపాడిన తీరును వివరిస్తూ 1938లోనే ఒక శాస్త్రపత్రం వెలువడింది. గుడారాల వంతు చాలాకాలం తరువాత వచ్చింది: సన్నని లోహపు పోగులు కలిపి అల్లిన ప్లాస్టిక్ దారం, తేలికపాటి బ్యాటరీలు వచ్చాకనే కంచె వీపు మీద మోయగల సామాను అయింది.

తీగలోని విద్యుత్తు జంతువు శరీరం గుండా నేలలోకి దిగి, పాతిన ఎర్త్ కడ్డీ ద్వారా యంత్రానికి తిరిగి చేరినప్పుడే దెబ్బ తగులుతుంది. ఎండిన దట్టమైన బొచ్చు విద్యుత్తును అడ్డుకుంటుంది గనుక ఎలుగు ముక్కుతోనో నోటితోనో తీగను తాకాలి. అమెరికాలో కొందరు తీగకు ఎరను కట్టడం ఇందుకే. ఎండిన రాతినేల మీద మాత్రం ఒక తీగను విద్యుత్తుకూ, మరొకదాన్ని తిరుగుదారికీ కేటాయించక తప్పదు.

ఆంధ్రదేశంలో ఈ కంచెతో ఎక్కువ పరిచయం చిత్తూరు అడవుల ఏనుగులను అడ్డుకునే ప్రయత్నాల ద్వారానే కలిగింది. పాపికొండల్లోనూ ఎలుగులున్నాయి, కాని ఉత్తర అమెరికా ఎలుగు తిండి వాసన పట్టుకుని గుడారానికి వచ్చేది కాగా, చెదలూ ఇప్పపూలూ తేనే తిని బతికే మన ఎలుగు తరచుగా అనుకోకుండా మనిషి ఎదురైనప్పుడు భయంతో పైబడుతుంది. రాత్రి నిద్రించే చోటును కాపాడే కంచె, తెల్లవారుజామున తోటకో చెరువుకో నడిచిపోయే మనిషిని కాపాడలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ లోపం స్పష్టం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక వ్యక్తిని ఎలుగు చంపిన తరువాత భయం పెరిగింది గాని, అక్కడ జీడితోటలూ పనసతోటలూ ఊళ్లకు ఆనుకొని ఉన్నందున కంచె ఎలుగుకు ఏ వైపున వేయాలన్నదే చిక్కు. ఒక తోటను చుడితే ఎలుగు పక్క తోటకు మళ్లుతుంది, ఊరిని చుడదామంటే రోజూ తోటకు వెళ్లక తప్పని రైతులు కంచెకు వెలుపలే ఉంటారు.