పది లక్షల పుస్తకాల కల

వేములవాడకు దగ్గర్లో, గంగాధర మండలం కురిక్యాలలో బొమ్మలగుట్ట ఉంది. కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో ఆ గుట్ట రాతిమీద శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కందపద్యాలను వెయ్యేళ్లు దాటాక కూడా చదువుకుంటున్నాం. మన కళ్లముందే పుట్టిన ఒక మహా గ్రంథాలయం మాత్రం పదిహేనేళ్లు నిండకుండానే మూతపడింది.

ఆ గ్రంథాలయాన్ని కలగన్నది తెలుగువాడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి లోకానికి ఉచితంగా పంచాలన్నది సంకల్పం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ చేయి కలిపాయి. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా మొదలైంది. అచ్చులో దొరకని కావ్యాలు, నిఘంటువులు, పాత నవలలు వేల సంఖ్యలో తెరమీదికొచ్చాయి. పెద్ద గ్రంథాలయాల గడప తొక్కే వీలులేని ఊళ్ల పాఠకులకు అది పెన్నిధి.

కానీ చెద మొదటినుంచీ లోపలే ఉంది. తెలుగు పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోచోట ఒక్కో తీరుగా ఎక్కించారు. దీర్ఘం ఎలా కొట్టారో ఊహించగలిగితేనే పుస్తకం దొరికేది. దొరికినా పేజీ తర్వాత పేజీ విడివిడిగా తెరుచుకునేది. పేజీ బొమ్మ కనబడాలంటే కంప్యూటర్లో ఇంకో సాఫ్ట్‌వేర్ ఉండాల్సి వచ్చేది. కొన్ని పుస్తకాల్లో మధ్య పేజీలే లేవు. ఎన్ని పుస్తకాలు ఎక్కాయన్నది లెక్కకొచ్చింది, పాఠకుడికి ఎన్ని చేరాయన్నది రాలేదు. దానికితోడు కాపీరైటు ఉన్న పుస్తకాలూ కలిసిపోయాయి. చివరికి ఆ చిక్కే మెడకు చుట్టుకుని సైటు మూతపడింది. ఏళ్ల తరబడి స్కానర్ల ముందు కూర్చుని పేజీలు తిప్పినవాళ్ల కష్టం ఒక్క మూసివేత నోటీసు వెనక్కి వెళ్లిపోయింది.

అంతా బూడిద కాలేదంటే, ముందుచూపున్నవాళ్లు నకళ్లు తీసిపెట్టడం వల్లే. సమాచారం అందరికీ ఉచితంగా అందాలని పనిచేసే కార్ల్ మలమూద్ పూనికతో 4 లక్షలకు పైగా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయానికి చేరాయి. తప్పుల పేర్లతోనే అయినా, బతికి ఉన్నాయి.

ఇప్పుడు మన శాఖా గ్రంథాలయాలకూ కొత్త సాఫ్ట్‌వేర్లు, ఈ-పుస్తకాలు వస్తున్నాయి. తీసుకునే ముందు ఎన్ని లక్షలున్నాయని అడగకండి. ఒక పాఠకుణ్ని కూర్చోబెట్టి, తనకు కావలసిన పుస్తకం పేరు తెలుగులో కొట్టి వెతకమనండి. దొరికిందా, మొదటి పేజీనుంచి చివరిదాకా తెరుచుకుందా, మన దగ్గర దాచుకునే హక్కుందా, రేపు కంపెనీ మూతపడితే నకలు ఎక్కడుంటుంది అని అడగండి. వీటికి జవాబు చెప్పలేని దానికి ప్రజల డబ్బు పెట్టకండి.