గుడ్డు లేని ఆమ్లెట్టు కథ

డెలానీపూర్‌లో ఒక తెలుగింటి వంటగదిని ఊహించుకుందాం. అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలో డెలానీపూర్ ఒక పేట. ఆ పట్టణాన్ని 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనేవారు. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అందువల్ల ఇలాంటి వంటగది ఊహించుకోవడం కష్టమేమీ కాదు.

బడికి వేళవుతోంది. పెనం మీద ఉల్లిపాయ, పచ్చిమిరప వేసిన ఆమ్లెట్టు పొంగుతోంది. దాన్ని రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి మడిస్తే పొద్దుటి ఫలహారం సిద్ధం. ఇంతలో ఇంటి పిల్ల "నేను గుడ్డు మానేశాను" అని ప్రకటించింది. అమ్మమ్మ కంగారు పడలేదు. నానిన పెసరపప్పు రుబ్బి, అదే పెనం మీద అట్టు పోసి, అదే బ్రెడ్డు మధ్య పెట్టి ఇచ్చింది. తల్లికి మాత్రం బెంగ తీరలేదు. "ఎదిగే పిల్ల. గుడ్డు మానేస్తే బలం ఎలా వస్తుందమ్మా?" అని అడిగింది.

తల్లి అడిగినది మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని దీనికి జవాబు వెతకడానికి శాస్త్రజ్ఞులకు చాలా ఏళ్లు పట్టింది. ఆ జవాబులో కొంత రొట్టెలో ఉంది, కొంత పెసరలో ఉంది. మిగిలినది ఆ రెండింటిలోనూ లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

రొట్టె ముక్కల మధ్య

రెండు రొట్టె ముక్కల మధ్య ఏదో ఒకటి పెట్టుకుని తినడం ఎవరైనా చేసే పనే. దానికి పేరు మాత్రం ఇంగ్లండులో శాండ్‌విచ్ నాలుగవ ప్రభువైన జాన్ మాంటేగు నుంచి వచ్చింది. చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ 1762లో తన దినచర్య పుస్తకంలో ఆ మాటను వాడాడు. పొంగిన మైదా రొట్టె ఆంగ్లేయులతో పాటు మన పట్టణాలకు వ్యాపించింది. హైదరాబాదువారు దాన్ని డబల్ రొట్టె అన్నారు.

రొట్టె మధ్యకు గుడ్డు చేరి 'బ్రెడ్ ఆమ్లెట్టు' బండి బండిమీదా దొరకడం మాత్రం ఇటీవలి సంగతి. ఒకప్పుడు గుడ్డు అంటే పెరట్లో కోడి పెట్టినప్పుడే. 1971లో హైదరాబాదులో వెంకటేశ్వర హేచరీస్ మొదలైంది. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. పెద్ద కోళ్లఫారాలు వచ్చాక గుడ్డు చవకై, ఏడాది పొడుగునా దొరికే వస్తువు అయింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో నిలిచింది. ఇలా చూస్తే ఆమ్లెట్టు శాండ్‌విచ్ మన వీధుల్లో బాగా వ్యాపించి యాభై ఏళ్లు దాటలేదు.

నాలుగు వేల ఏళ్ల పెసర

పెసర కథ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దక్షిణ భారతంలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బలను, పాత ఊళ్లను తవ్విన పురావస్తు శాస్త్రజ్ఞులకు మాడి బొగ్గయిన గింజలు దొరికాయి. మట్టిని నీటిలో కలిపితే ఆ బొగ్గు గింజలు పైకి తేలతాయి. వాటిని సూక్ష్మదర్శినితో పరీక్షించి ఏ పంటవో చెబుతారు. కర్ణాటకలోని సంగనకల్లులోనూ, కడప జిల్లాలోని పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి చోట్లా ఇలాంటి పరిశీలనలు జరిగాయి. వరి, గోధుమ ఇక్కడి ప్రజలకు ముఖ్య ఆహారం కాకముందే, సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట, వారు చిరుధాన్యాలతో పాటు ఉలవలు, పెసలు తినేవారని ఈ గింజలు తెలిపాయి.

పప్పు రుబ్బి అట్టు పోయడం కూడా పాత విద్యే. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాయించిన 'మానసోల్లాసం'లో 'ధోసక' అనే వంటకం ఉంది. అది బియ్యం కలపకుండా పప్పుతోనే చేసేది. మన పెసరట్టు ఆ కుటుంబానికే చెందింది.

ద్వీపవాసులకు పప్పులో ఇంకో మేలుంది. ఎండిన గింజ నెలల తరబడి చెడదు. విశాఖపట్నం నుంచి అండమాన్‌కు సముద్రంలో దాదాపు 1200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. 1858లో బ్రిటిషువారు ఇక్కడ ఖైదీల వలస స్థాపించినప్పటి నుంచీ తిండిగింజలకు దీవులు చాలావరకు ఓడల మీదే ఆధారపడ్డాయి. ఆ ఆధారం తెగితే ఏమవుతుందో 1942 నుంచి 1945 దాకా సాగిన జపాను ఆక్రమణలో తెలిసింది. సరుకులు రాక జనం ఆకలితో అలమటించారు. తిండిలో ఏది దేనికి బదులు పనికొస్తుందన్నది అలాంటి చోట వేడుకకు వేసే ప్రశ్న కాదు.

గుడ్డు ఎలా గట్టిపడుతుంది?

సరే, అట్టు ఆమ్లెట్టులా ఎందుకు ఉంటుంది? గుడ్డు తెల్లసొనలో నూటికి సుమారు 88 పాళ్లు నీరే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు. ఇవి దారపు ఉండల్లా ముడుచుకుని నీటిలో తేలుతుంటాయి. వేడి సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటాక ఉండలు విప్పుకోవడం మొదలవుతుంది. విప్పుకున్న దారాలు ఒకదానికొకటి చిక్కుకుని వలగా మారి నీటిని పట్టి ఉంచుతాయి. 80 డిగ్రీలు వచ్చేసరికి తెల్లసొన బాగా గట్టిపడుతుంది.

పెసరపిండిలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. గింజలోని గ్లోబ్యులిన్ అనే మాంసకృత్తులు గుడ్డులో మాదిరే వేడికి విప్పుకుని వల అల్లుతాయి. పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి జిగురు కడతాయి. అందుకే పెసరట్టు విరిగిపోకుండా మడతపడుతుంది. పిండిపదార్థం ఎక్కువ కాబట్టి గుడ్డంత సాగదు.

ఇక వాసన. ఉడికిన గుడ్డు వాసనకు ముఖ్య కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. చాట్ మసాలాలో వేసే నల్ల ఉప్పులో గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. అందులోంచి వచ్చేదీ ఆ వాయువే. అట్టు దించిన తర్వాత చిటికెడు నల్ల ఉప్పు చల్లితే గుడ్డు వాసన తగులుతుంది. ముందే వేస్తే వేడికి ఆ వాయువు చాలావరకు ఎగిరిపోతుంది.

ఈ సూత్రాన్నే అమెరికా పరిశ్రమ చాలా ఆలస్యంగా పట్టుకుంది. 2015లో అక్కడ పక్షుల జ్వరం వ్యాపించి దాదాపు 5 కోట్ల కోళ్లు, టర్కీలు నశించాయి. గుడ్ల ధరలు మండిపోయాయి. గుడ్డుకు బదులు ఏముందన్న వెతుకులాట జోరందుకుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక సంస్థ అనేక మొక్కల మాంసకృత్తులను పరీక్షించి చివరకు పెసరను ఎంచుకుంది. గింజ నుంచి పిండిపదార్థం తొలగించి, మాంసకృత్తిని వేరుచేసి, 2018లో సీసాల్లో పోసి అమ్మకానికి పెట్టింది. అమ్మమ్మ రోలు చేయలేని పని ఇందులో ఒక్కటే, పిండిపదార్థాన్ని వేరుచేయడం.

ఎదగని ఎలుకలు

రూపం, వాసన కుదిరాయి. మరి బలం? తల్లి అడిగిన ప్రశ్నకు తొలి జవాబు ఎలుకలు చెప్పాయి.

అమెరికాలో థామస్ ఆస్‌బోర్న్, లఫాయెట్ మెండెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు ఒక్కోసారి ఒక్కో మాంసకృత్తినే ఇచ్చి పెంచారు. గోధుమలోని గ్లయాడిన్ మాత్రమే తిన్న ఎలుకపిల్లలు బతికాయి గాని ఎదగలేదు. అదే మేతకు లైసిన్ అనే అమైనో ఆమ్లం చేర్చగానే మళ్లీ పెరగసాగాయి. 1914లో వెలువడిన ఈ ఫలితాలు ఒక పెద్ద సంగతి తెలిపాయి. మాంసకృత్తి ఎంత తిన్నామన్నదే కాదు, అందులో ఏయే అమైనో ఆమ్లాలు ఉన్నాయన్నదీ ముఖ్యమే.

తర్వాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం రోజ్ 1935లో థ్రియొనిన్‌ను కనిపెట్టాడు. 1940లలో విద్యార్థులనే స్వచ్ఛంద సేవకులుగా తీసుకుని, మనిషి శరీరం స్వయంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలు ఏవో తేల్చాడు.

ఇప్పుడు మన శాండ్‌విచ్‌ను విప్పి చూద్దాం. గోధుమలో లైసిన్ తక్కువ. పెసరలో లైసిన్ సమృద్ధిగా ఉంది గాని మెథియొనిన్ తక్కువ. గోధుమలో మెథియొనిన్ కాస్త మెరుగు. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది! గుడ్డుకు ఈ తోడు అవసరం లేదు. పెసరకు కావాలి. కాబట్టి గుడ్డు స్థానాన్ని నింపేది పెసరట్టు ఒక్కటే కాదు, పెసరట్టూ రొట్టే కలిసి. ఇడ్లీలో బియ్యం, మినుములు కలిసినట్టే, అన్నంలో పప్పు కలిసినట్టే.

లెక్క కూడా చూద్దాం. 100 గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంటే ఒక అట్టుకు పట్టే 30 గ్రాముల పప్పులో దాదాపు 7 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు, ఆరున్నర గ్రాములు. పప్పులోని మాంసకృత్తి గుడ్డులోని దానికన్నా కొంచెం తక్కువగా అరుగుతుంది కాబట్టి అట్టు కాస్త మందంగా పోస్తే సరి.

భీమవరం బిడ్డ, ఒక ఎరుపు విటమిను

కథ ఇక్కడితో సుఖాంతం అయ్యేదే. కాని ఒక చిక్కు ఉంది. అందులో మన తెలుగువాడి పేరూ ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఒక రకం రక్తహీనతకు అది దివ్యంగా పనిచేసింది. ఈ విటమిను పెసలలో బాగానే ఉంటుంది. అయితే పెర్నీషియస్ అనీమియా రోగులకు ఇచ్చినప్పుడు ఒక వింత కనబడింది. రక్తం బాగుపడినా నరాల జబ్బు ముదురుతూనే ఉంది. లోపించినది మరేదో అని అర్థమైంది.

ఆ మరేదో 1948లో దొరికింది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ శాస్త్రజ్ఞులు ఇంచుమించు ఒకేసారి ఎర్రటి స్ఫటికాలుగా బి-12 విటమినును వేరుచేశారు. దాని అణునిర్మాణాన్ని డొరొతి హాడ్‌కిన్ 1956 నాటికి ఎక్స్ కిరణాలతో ఛేదించింది. 1964లో ఆమెకు నోబెల్ బహుమతి రావడానికి ఇదీ ఒక కారణం.

బి-12ను బాక్టీరియా, వాటి దగ్గరి సూక్ష్మజీవులు మాత్రమే తయారుచేస్తాయి. అది చేప, మాంసం, గుడ్డు, పాలలో మనకు అందుతుంది. పెసరలో లేదు, గోధుమలో లేదు. మనిషికి రోజుకు కావలసినది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. కాలేయంలో నిల్వ ఉండబట్టి లోపం వెంటనే కనబడదు. ఏళ్లు గడిచాక అరికాళ్లు తిమ్మిరెక్కడం, నడక తడబడటం మొదలవుతుంది. పప్పు, ఆకుకూరలు బాగా తినేవారిలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని కాపాడుతూ ఈ లోపాన్ని దాచిపెట్టవచ్చు కూడా. ఆలస్యమైతే నరాలకు జరిగిన హాని పూర్తిగా తీరకపోవచ్చు.

కాబట్టి డెలానీపూర్ తల్లికి మన జవాబు ఇది. మాంసకృత్తుల విషయంలో బెంగ వద్దు. పెసరట్టు, రొట్టె కలిసి ఆ పని చేస్తాయి. బి-12 సంగతి మాత్రం మరవకూడదు. పిల్ల పాలు, పెరుగు తీసుకుంటే వాటి నుంచి అది అందుతుంది. అవీ మానేస్తే డాక్టరును అడిగి బి-12 మాత్ర గాని, ఆ విటమిను కలిపిన ఆహారం గాని ఇవ్వాలి.

మీరూ చేసి చూడండి

అరకప్పు పొట్టు తీసిన పెసరపప్పును నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. రెండు చెంచాల చిక్కటి కొబ్బరిపాలు కలపండి. గుడ్డులో పచ్చసొన ఇచ్చే కొవ్వును ఇక్కడ ఇవి ఇస్తాయి. చిటికెడు పసుపు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప వేసి, సన్నటి సెగ మీద మూతపెట్టి రెండు అట్లు కాల్చండి. ఒకదానికి నల్ల ఉప్పు పిండిలోనే కలపండి. రెండోదానికి దించాక చల్లండి. కళ్లు మూసుకుని వాసన చూడమని స్నేహితుణ్ణి అడగండి. ఏది గుడ్డును తలపించిందో, ఎందుకో అతనికి మీరే వివరించండి. తర్వాత రెండింటినీ బ్రెడ్డు మధ్య పెట్టి పంచుకోండి. బ్రెడ్డును మాత్రం పక్కన పెట్టకండి. ఈ ఫలహారంలో సగం బలం దానిదే.