ఇజాజత్ నుంచి బి.ఇడి. దాకా: చదువు చెప్పడానికి పర్మిషన్ ఎవరిస్తారు?

మొన్న మా భాంజీ ఫోన్ చేసింది. డిగ్రీ అయిపోయింది, ఎడ్‌సెట్ ఫారం నింపుతోంది. మధ్యలో ఆగి అడిగింది: "మామూ, నానీ నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పింది కదా, ఆమె దగ్గర ఏం సర్టిఫికెట్ ఉండేది?"

ఏమీ లేదు. మా అమ్మీజాన్ కర్నూలులో మా ఇంటి దాలాన్‌లోనే చెప్పేది. ఫజర్ తర్వాత ఒక జమాత్, అసర్ తర్వాత ఒక జమాత్. కాయిదా, నాజిరా ఖురాన్, ఉర్దూ రాత, మధ్యలో ఎక్కాలు. గల్లీ అంతా ఆమెను ఉస్తానీమా అనేవాళ్లు. ఒకసారి ఇంటి ఖర్చులు మరీ కష్టమైనప్పుడు, ఒక స్కూల్లో ఉర్దూ టీచర్ కావాలని తెలిసి బుర్ఖా వేసుకుని వెళ్లింది. "ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉందా అమ్మా?" అని అడిగి, లేదంటే వెనక్కి పంపించారు. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది: "నాకు ఇజాజత్ ఇచ్చిన ఉస్తానీ ఖబర్‌లో ఉంది. ఇప్పుడు పోయి ఎవర్ని రాసివ్వమనాలి?"

ఆ మాటలో వెయ్యేళ్ల తారీఖ్ ఉందని నాకు చాలా కాలం తర్వాత అర్థమైంది. భాంజీకి ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ఇజాజత్ అంటే మన ఇళ్లలో రోజూ వాడే మాటే. లోపలికి రావడానికి ఇజాజత్, నికాహ్‌కి ఇజాజత్. ఇల్మ్ దునియాలో దానికి ఒక ఖాస్ అర్థం ఉంది. షాగిర్ద్ ఒక కితాబును ఉస్తాద్ ముందు కూర్చుని మొదటి నుంచి ఆఖరు దాకా చదివి వినిపిస్తాడు, లేదా ఉస్తాద్ చదువుతుంటే వింటాడు. తప్పులు అక్కడే సరిదిద్దుతారు. అయ్యాక ఉస్తాద్ రాసిస్తాడు: ఫలానా వ్యక్తి ఈ కితాబు నా దగ్గర చదివాడు, ఇక ఇతరులకు చెప్పవచ్చు. దాని వెనక ఉస్తాద్‌కు ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు అనే సిల్సిలా ఉంటుంది. అదే సనద్. ఇప్పుడు మనం సర్టిఫికెట్‌ను సనద్ అనడం అక్కడి నుంచి వచ్చిందే. ఫిఖ్‌హ్‌లో పైస్థాయికి వెళ్తే దర్స్ చెప్పడానికీ ఫత్వా ఇవ్వడానికీ వేరే ఇజాజత్ ఉండేది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇజాజత్ ఇచ్చేది మనిషి, మద్రసా కాదు. బగ్దాద్‌లో వజీర్ నిజాముల్ ముల్క్ కట్టించిన నిజామియా 1067లో మొదలైంది. 1091లో ఇమామ్ గజాలీని అక్కడ ముదర్రిస్‌గా పెట్టింది ఆ వజీరే. అంటే నౌకరీ వజీర్ చేతిలో ఉంది, జీతం వక్ఫ్ నుంచి వస్తుంది. కానీ చెప్పడానికి తగినవాడు అనే మాట మాత్రం ఉస్తాద్ నోటి నుంచి రావాలి. లియాఖత్ వేరు, మన్సబ్ వేరు. ఈ ఫర్ఖ్ గుర్తుపెట్టుకోండి, డీఎస్సీ దగ్గర మళ్లీ పనికొస్తుంది. (మన మద్రసాల దర్సె నిజామీకీ ఈ నిజామియాకీ సంబంధం లేదు. అది 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చింది. పెద్ద పెద్ద తఖ్రీర్లలో కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.)

ఔరతుల సంగతి ఏమిటి? కరీమా అల్ మర్వజియ్యా 11వ శతాబ్దంలో మక్కాలో సహీ బుఖారీ చెప్పేవారు. షాగిర్దులు రాసుకున్న ప్రతిని తన అసలు ప్రతితో అక్షరం అక్షరం పోల్చి చూడందే ఆమె ఒప్పుకునేవారు కాదట. బగ్దాద్ నుంచి హజ్‌కు వచ్చిన ఖతీబ్ అల్ బగ్దాదీ అంతటి ఆలిమ్ ఆమె ముందు కూర్చుని అయిదు రోజుల్లో బుఖారీ మొత్తం చదివి వినిపించాడని రాసి ఉంది. ఆమెకు నిజామియాలో కుర్సీ లేదు, జీతం లేదు. లియాఖత్ ఉంది, మన్సబ్ లేదు. మా అమ్మీజాన్‌ను ఆమెతో పోల్చడం గుస్తాఖీ అవుతుంది గానీ, పరిస్థితి మాత్రం అదే.

మన పాత పద్ధతి అంతా సోనా అని కూడా అనుకోకండి. పోనుపోను ఇజాజత్ కూడా సస్తా అయిపోయింది. చిన్న సిల్సిలా దొరుకుతుందని నడక కూడా రాని పిల్లల పేరున వృద్ధ ఆలిముల దగ్గర ఇజాజత్‌లు రాయించుకునేవాళ్లు. దమిష్క్‌కు చెందిన జైనబ్ బింత్ అల్ కమాల్‌కు అలాంటి ఇజాజత్‌లు పసితనంలోనే ఎన్నో వచ్చాయి. ఆమె పెద్దయ్యాక నిజంగానే గొప్ప ముహద్దిసా అయ్యారు, అది వేరే సంగతి. అందరూ అలా కాలేదు. అందుకే పాత ఆలిములు దర్జాలు పెట్టారు: ఉస్తాద్ నోట విన్నది పైన, ఉస్తాద్ ముందు చదివి వినిపించింది దాని పక్కన, వినకుండా చదవకుండా వచ్చిన వట్టి కాగితం కింద.

యూరప్‌లో ఇదే కాలంలో లిసెన్షియా దొసెండీ అని ఒకటి పుట్టింది. లాటిన్‌లో దాని అర్థం అచ్చంగా చదువు చెప్పే ఇజాజత్. పెద్ద చర్చి తరఫున ఒక అధికారి ఇచ్చేవాడు. 1179లో మూడో లేటరన్ కౌన్సిల్ దీనికి ఫీజు తీసుకోకూడదని హుకుం చేసిందంటే, అప్పటికే తీసుకుంటున్నారన్నమాట! తర్వాత యూనివర్సిటీలు బలపడ్డాక ఆ లైసెన్సే డిగ్రీ అయింది. జార్జ్ మక్దిసీ అనే ఆలిమ్ 1981లో రాసిన కితాబులో ఈ లైసెన్స్‌కు మూలం మన ఇజాజతే అన్నాడు. మనవాళ్లు వాట్సప్‌లో దాన్ని తెగ తిప్పుతారు. కానీ చాలామంది ముఅర్రిఖులు ఒప్పుకోలేదు. పోలిక ఉంది, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందనే సుబూత్ గట్టిగా లేదు. నాకైతే ఎవరిది ముందు అనే దానికంటే ఒక తేడా ముఖ్యం అనిపిస్తుంది. మన దగ్గర మనిషి ఇచ్చాడు, వాళ్ల దగ్గర ఇదారా ఇచ్చింది. మనిషి పోతే సనద్‌కు గవాహీ పోతుంది. ఇదారా రిజిస్టర్ ఉంటుంది.

ఆ ఇదారా సనద్ మన ఇలాఖాకు మద్రాసు నుంచి వచ్చింది. 1854లో ఉడ్ డిస్పాచ్ టీచర్లకు ట్రైనింగ్ ఉండాలంది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూల్ పెట్టారు, అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. 19వ శతాబ్దం ఆఖర్లో మద్రాసు యూనివర్సిటీ ఎల్.టి. అనే డిగ్రీ ఇవ్వడం మొదలుపెట్టింది. పాత హైస్కూళ్ల గోడల మీద హెడ్మాస్టర్ల పేర్ల పక్కన "బి.ఎ., ఎల్.టి." అని చూసే ఉంటారు. ఎల్.టి. అంటే లైసెన్షియేట్ ఇన్ టీచింగ్. ఆ లాటిన్ మాటే సముద్రం దాటి కోస్తాకూ సీమకూ వచ్చింది! రాతపరీక్ష ఒక్కటే సరిపోదు, క్లాసులో నిలబడి పాఠం చెప్పి చూపించాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతటివాడు కూడా 1910లో సైదాపేటలో ట్రైనింగ్‌కు వెళ్లాడు. ఎల్.టి. పోయి బి.టి. వచ్చింది, అదీ పోయి బి.ఇడి. వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో మాత్రం సర్కారీ హైస్కూల్ టీచర్ పోస్టును ఇప్పటికీ ఎల్.టి. గ్రేడ్ అనే అంటారు.

మనవాళ్లు ఆ తలుపు దగ్గరికి ఆలస్యంగా వెళ్లారు. 1882 హంటర్ కమిషన్, ముస్లిం టీచర్ల కోసం వేరే నార్మల్ స్కూళ్లు, క్లాసులు పెట్టాలని సిఫారసు చేసింది. అంటే అప్పటికే కొరత అంత ఉందన్నమాట. బోర్డు స్కూళ్లలో ఉర్దూ చెప్పే మున్షీలు ఉండేవాళ్లు గానీ వాళ్లంతా మర్దులు. ఆడపిల్లలకు చెప్పేవాళ్లు ఎవరు? పర్దా ఉన్న ఇళ్లవాళ్లు ఉస్తానీ ఉంటేనే పంపిస్తారు. పిల్లలు రానిదే ఉస్తానీ తయారవదు. ఈ చిక్కుముడిని బాగా తెలిసిన మనిషి బేగం రుఖయ్యా సఖావత్ హుసేన్. 1911లో కలకత్తాలో 8 మంది పిల్లలతో స్కూల్ పెట్టారు. ట్రైనింగ్ ఉన్న ముస్లిం ఔరతులు కలకత్తాలో దొరక్క మద్రాసు, ఆగ్రా, గయా నుంచి పిలిపించుకున్నారు. ఆమె పట్టుబట్టి అడగ్గా అడగ్గా 1919లో సర్కార్ కలకత్తాలో ముస్లిం ఔరతుల కోసం ట్రైనింగ్ స్కూల్ తెరిచింది. మద్రాసు నుంచి రైలెక్కి కలకత్తా వెళ్లిన ఆ ఉస్తానీల పేర్లు మన దగ్గర లేవు. వాళ్లను పంపిన అబ్బాల హిమ్మత్ గురించి నేను తరచూ ఆలోచిస్తుంటాను. అదీ 1910లలో!

నిజాం ఇలాఖాలో కథ వేరు. 1918లో ఏర్పడ్డ ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో. సైన్స్, కానూన్, డాక్టరీ అన్నీ. సుగ్రా హుమాయూన్ మిర్జా 1934లో హైదరాబాద్‌లో ఆడపిల్లల కోసం సఫ్దరియా మద్రసా పెట్టారు. 1948 తర్వాత ఉస్మానియా జబాన్ మారిపోయింది. ఉర్దూలో బోధించే యూనివర్సిటీ మళ్లీ మన గడ్డ మీదికి రావడానికి యాభై ఏళ్లు పట్టింది. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ యూనివర్సిటీలో బి.ఇడి., డి.ఎల్.ఇడి. ఉర్దూ మీడియంలోనే చేయవచ్చు. ఆ యాభై ఏళ్లలో ఎంతమంది ఉస్తానీమాలు దాలాన్లలోనే ఉండిపోయారో లెక్క రాసినవాళ్లు లేరు.

ఇప్పటి కాయిదా క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే ఇళ్లలో అన్నీ కలిపేస్తున్నారు. 1993 చట్టంతో ఎన్‌సీటీఈకి అధికారం వచ్చింది. 2010 నుంచి 1 నుంచి 8 క్లాసుల టీచర్లకు టెట్ తప్పనిసరి. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్లు. ప్రైమరీ టీచర్ కావాలంటే బి.ఇడి. చెల్లదని, డి.ఎల్.ఇడి. ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి చిన్నపిల్లలకు చెప్పాలనుకునే అమ్మాయిని బి.ఇడి.లో చేర్చి తర్వాత బాధపడకండి. బి.ఇడి., టెట్ లియాఖత్ కాగితాలు. డీఎస్సీ మన్సబ్. నిజామియా రోజుల్లో ఉన్న తేడానే. టెట్ పాసైనా ఉద్యోగం రాలేదేమని బిడ్డను తిట్టే అబ్బాలకు ఈ ముక్క వినిపించండి. టెట్ సర్టిఫికెట్ ఇప్పుడు జిందగీ అంతా చెల్లుతుంది.

ఉర్దూ మీడియం పోస్టులు ప్రతి డీఎస్సీలో కొన్ని ఖాళీగా మిగలడం మీకూ తెలిసే ఉంటుంది. రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీలకు వచ్చిన పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకరు, పోస్టు అలాగే ముందుకు జరుగుతుంది. అది ఆ సోదరుల తప్పు కాదు, వాళ్ల హక్కును తప్పుపట్టే మాటలు మన మెహఫిల్‌లలో వినిపిస్తే నాకు సిగ్గేస్తుంది. సర్కార్ దారి చూడాల్సిన విషయం అది. మన చేతిలో ఉన్న హిస్సా వేరే ఉంది: దరఖాస్తు చేయడానికి లియాఖత్ కాగితం ఉన్న మన అమ్మాయిలు ఎంతమంది? డిగ్రీ చేయించి, రిష్తా కోసం రెండేళ్లు ఇంట్లో కూర్చోబెట్టే ఇళ్లు నాకే ఎన్నో తెలుసు. బి.ఇడి. కూడా రెండేళ్లే.

ఇంకో మర్జ్ ఉంది. "ఫీజు కట్టండి, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అనే కాలేజీలు. భాంజీకి కూడా ఒకచోట ఈ ఆఫర్ వచ్చింది. పసిపిల్లల పేరున రాయించుకున్న ఇజాజత్‌కూ దీనికీ ఏం తేడా? బి.ఇడి.లో 20 వారాలు స్కూల్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్తుంటే వెనక బెంచీ మీద ఒక టీచర్ కూర్చుని వింటారు, తప్పులు రాసిస్తారు. కోర్సు మొత్తంలో కరీమా మజ్లిస్‌కు దగ్గరగా ఉన్నది ఆ బెంచీ ఒక్కటే. దాన్ని డబ్బిచ్చి తప్పించుకుంటే చేతిలో మిగిలేది వట్టి కాగితం.

ఇదంతా భాంజీకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా వింది. "సరే మామూ, ఆ కాలేజీకి నేను పోను. రోజూ పోయొచ్చే కాలేజీ చూసుకుంటా. బస్సుకు గంటన్నర పడుతుంది, అమ్మీతో మీరే మాట్లాడాలి" అంది.

మా ఆపా ఒప్పుకోవడం అంత ఆసాన్ కాదు. ఇతవారం వెళ్తున్నాను.